రంల గీసిన దారులు

కేరళలో మంజేరి దగ్గరి ఆ ఊళ్లో మంచాన పడ్డవాళ్లను చూసుకునేది ఊరివాళ్లే. జీతం మీద ఉన్నది నర్సు సింధు ఒక్కతే. మిగతావాళ్లు తమ పనులు ముగించుకుని వస్తారు. ట్యూషన్ సెంటర్లో కంప్యూటర్ నేర్పే రంల కూడా అలాగే వచ్చింది.

తెర మీద పెట్టెలు పెట్టి, మధ్య గీతలు లాగితే పని దానంతటదే నడిచే సాధనం ఒకటి ఆమెకు బాగా వచ్చు. దానితో రోజూ పొద్దున్నే ప్రతి రోగి ఫోనుకూ "ఎలా ఉన్నారు?" అని వెళ్లే ఏర్పాటు చేసింది. జవాబులో నొప్పి అనే మాట ఉంటే పై గీత పట్టుకుని వెంటనే సింధు ఫోనుకు చేరుతుంది. లేకపోతే కింది గీత మీదుగా వారానికోసారి చూసేవాళ్ల వరసలో పడుతుంది. సింధు స్కూటరుకు తిరుగుడు తగ్గింది. అందరూ రంలను మెచ్చుకున్నారు.

ఒకరోజు చేపల బండి దగ్గర పాత్తుమ్మ ఆమెను నిలదీసింది.

"మా ఇంటిని మరిచిపోయారా రంలా? ఆయన పక్కకు తిరగలేక దిండు కొరుకుతున్నాడు."

పాత్తుమ్మ భర్త అలవి కలప డిపోలో దుంగలు మోసిన మనిషి. కాన్సర్ వెన్నులోకి పాకింది.

"రోజూ 'అల్‌హందులిల్లా, సుఖమే' అని దేవుణ్ని స్తుతిస్తూనే పంపుతున్నారు కదా!" అంది రంల.

"దుంగ కాలి మీద పడ్డప్పుడూ అదే అన్నాడు."

రంలకు అప్పుడర్థమైంది. ఆ జవాబు రోజూ కింది గీతే పట్టుకుంది మరి. చేపలు అక్కడే వదిలేసి, సింధును వెంటబెట్టుకుని వెళ్లింది.

"ఎలా ఉంది అలవిక్కా?" అంది రంల, అన్నను పిలిచినట్టు.

"అల్‌హందులిల్లా, సుఖమే బిడ్డా."

"మరి ఆ మంచం పట్టె అంత గట్టిగా పట్టుకున్నారేం?" అంది సింధు.

"పాత మంచం సిస్టర్. పడిపోకుండా ఆసరా ఇస్తున్నా." కాసేపు ఊపిరి బిగబట్టి, "ఇచ్చిన పైవాడి మీద ఫిర్యాదు చెయ్యమంటారా?" అన్నాడు.

రంల గోడ పక్కన మడిచి ఉన్న నమాజు చాప వైపు చూసింది.

"ఈ పొద్దు నమాజు ఎలా చేశారిక్కా?"

నిలబడలేనివాళ్లు కూర్చుని, అదీ చేతకాకపోతే పడుకుని నమాజు చెయ్యొచ్చు; ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పే మనిషి కాదాయన. "పడుకుని," అన్నాడు మెల్లగా.

"నిన్న?"

"కూర్చుని."

సింధు అప్పటికే డాక్టరుకు ఫోను చేస్తోంది.

ఇంటికెళ్లగానే రంల ఆ పాత ప్రశ్నను చెరిపేసింది. అలవికి కొత్తది పెట్టింది: నమాజు నిలబడా, కూర్చునా, పడుకునా? నిన్నటి జవాబు కంటే ఇవాళ్టిది దిగజారితే పై గీత. జవాబే రాకపోయినా పై గీతే. ఇంకో రోగి దాక్షాయణమ్మనైతే, టీ తాగడానికి వసారాలోకి వచ్చారా అని అడగాలి. ఒక్కో ఇంటికి ఒక్కో ప్రశ్న, దాని కింద మళ్లీ చీలికలు.

"ఇత్తా, ఒక్క ప్రశ్న చాలదా? తెరంతా చిక్కుపడిన నూలులా ఉంది," అంది అది చూసిన సింధు; రంలను అక్కా అన్నట్టు ఇత్తా అంటుంది.

"అందరూ ఒక్కలాగే బాధను దాచుకునే ఊరు చూపించు, ఒక్కటే పెడతాను."

మందు పెంచాక అలవి మళ్లీ లేచి కూర్చోగలిగాడు. కొన్ని వారాలు జవాబు "కూర్చుని" అనే వచ్చింది. ఒక ఉదయం "పడుకుని" అని వచ్చింది. పాత్తుమ్మ పత్తిరి రొట్టెలు కాల్చడం ముగించకముందే గుమ్మంలో సింధు స్కూటరు ఆగింది. వెనక రంల.

"మిమ్మల్నెవరు పిలిచారు?" అన్నాడు అలవి.

"మీరే."

"నొప్పి అని ఫిర్యాదు చేశానా నేను?"

"చెయ్యలేదిక్కా," అంది రంల.

ఆయన సింధు వైపు చెయ్యి చాచాడు.

"అయితే ఆ మాత్ర ఇటివ్వు. అల్‌హందులిల్లా."