దాయిమాకు రెండు పుట్టినరోజులు

నెలవంక కనబడిందన్న కబురు ముందుగా నాకు తెచ్చింది మా చిన్న కోడలు. ఆరేసిన బట్టలు తెస్తానని డాబా మీదికి వెళ్ళిన పిల్ల వట్టి చేతులతో దిగివచ్చి, "అత్తమ్మా, నెలపొడుపు కనవడ్డది, రేపటి సంది రంజాన్ రోజాలు" అంది. దేవుడి దగ్గర దీపం పెడుతున్నదాన్ని, అలవాటు కొద్దీ గోడమీది క్యాలెండరు వైపు చూశాను. తారీఖును వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాను. రంజాన్ నెలపొడుపూ ఈ తారీఖూ ఒక్కరోజున కలవాలని నేను గౌను తొడుక్కునే వయసు నుంచి ఎదురుచూస్తున్నాను. ఎందుకో తెలియాలంటే మీరు నాతోపాటు యాకుత్‌పురాలోని మా పాత వాకిట్లోకి రావాలి.

నేను బడి ముఖం ఎరుగను. బడికి రైలు పట్టాలు దాటి పోవాలి. నాకు ముందు పుట్టినవాళ్ళు నిలవలేదు కనుక అమ్మ నన్ను ఆ పట్టాల దిక్కుకే పోనిచ్చేది కాదు. అందుకని బాపే నా పంతులు. ఆయన సాయంత్రం దఫ్తర్ నుంచి వస్తూ, అక్కడ అందరూ చదివేసిన ఆనాటి పత్రికను చంకలో పెట్టుకుని తెచ్చేవాడు. అందులో ఒక మూల 'చరిత్రలో ఈ రోజు' అని నాలుగైదు వరుసలు ఉండేవి. ఆ వరుసలే నా వాచకం. ఏ దేశంలోనో రాజు పట్టమెక్కినదీ, ఇంకెక్కడో ఓడ మునిగినదీ, ఒక శాస్త్రజ్ఞుడు పుట్టినదీ, ఒక పాటగాడు కన్నుమూసినదీ అన్నీ ఒక్క తారీఖు కింద సర్దుకుని కూర్చునేవి, మా వాకిలి చుట్టూ అద్దెకున్న కుటుంబాల లాగా. నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే ఆ కుటుంబాలన్నీ చేరి వినేవి.

వినేవాళ్ళలో ముందు కూర్చునేది దాయిమా. మా గల్లీలో పురుళ్ళు పోసే మంత్రసాని ఆమె, మా ఇంటికి రెండు గడపల అవతల ఉండేది. నేనూ ఆమె చేతుల్లోనే పడ్డాను. నేను దక్కానంటే పైన దేవుడి దయ, కింద దాయిమా చెయ్యి అని అమ్మ ఎప్పుడూ అనేది. పత్రికలో 'జననం' అన్న మాట రాగానే దాయిమా చెయ్యెత్తి నన్ను ఆపేది.

"జననమంటే పుట్టుడే గద బిడ్డా? మరి గాయన్ను ఏ దాయి పట్టుకున్నదో రాసిండ్రా?"

రాయలేదు అనేదాన్ని.

"గంత పెద్దమనిషి ఆకాశంకెల్లి ఊడిపడ్డడా ఏంది" అనేది తమలపాకు నములుతూ. వాకిలంతా నవ్వేది. దాయిమాను పత్రికవాళ్ళ దగ్గర నౌకరికి పెట్టాలని బాపు ఎగతాళి చేసేవాడు.

ఒక ఏడు మా గల్లీలో ఒక ఇంటివాళ్ళు కోడలికి నొప్పులు మొదలుకాగానే దాయిమాకు కబురు పెట్టకుండా రిక్షా ఎక్కించుకుని పెద్దాసుపత్రికి పోయారు. తల్లీబిడ్డలు చల్లగా తిరిగి వచ్చారు, అందులో ఎవరి తప్పూ లేదు. కానీ వాళ్ళ వెనక ఇంకొక ఇల్లు, దాని వెనక మరొక ఇల్లు అదే దారి పట్టాయి. ఒక సాయంత్రం నేను 'జననం' దగ్గర ఆగి చూసినా దాయిమా చెయ్యెత్తలేదు. అంతా అయ్యాక మెల్లగా అడిగింది.

"అందరి దినాలు సదివినవు, నాది ఎన్నడొస్తది బిడ్డా? గీ గల్లీల ఎవరు ఎన్నడు పుట్టిండ్రో నాకు యాదుంది. నేను పుట్టిన దినం ఎవ్వరికీ ఎర్కలేదు. రేపు నేను పోతే, ఉంటినని గూడ ఎర్కుండది."

బాపు, మీ అమ్మ ఏమైనా చెప్పిందా అని ఆమెను అడిగాడు. రంజాన్ నెలపొడుపు నాడు పుట్టావని మాత్రం చెప్పేదట, అంతే.

రంజాన్ ఆ వెనకనే వచ్చింది. చాంద్ కనబడిందని మసీదు నుంచి కేక వినబడగానే నేను పత్రిక ముందేసుకుని కూర్చుని, అచ్చైన వరుసలన్నీ చదివి, కింద ఇంకో వరుస ఉన్నట్టే తల ఎత్తకుండా, 'ఈ రోజే యాకుత్‌పురాలో మా దాయిమా జననం' అని చదివాను. ఎవరూ నవ్వలేదు. దాయిమా, మసీదు నుంచి అజా పిలుపు వినబడినప్పుడు చేసినట్టే, చెంగు తలమీదికి లాక్కుంది. ఆ తారీఖును నేను గుండెలో రాసిపెట్టుకున్నాను.

తప్పంతా అక్కడే జరిగింది. తారీఖు మారదు, ఏటేటా తన చోటికే వస్తుంది అని బాపు నాకు నేర్పాడు. రంజాన్ నెల మాత్రం చంద్రుణ్ణి నమ్ముకుని ఏడాదికి పదిరోజులకు పైగా ముందుకు జరిగిపోతుంటుందని చెప్పడం మరిచాడు. మరుసటి ఏడు నెలపొడుపు తొందరగా వచ్చేస్తే, పత్రిక తప్పదు గనుక చంద్రుడే తప్పాడనుకున్నాను. నా తారీఖు నాడు అమ్మతో సేమియా పాయసం చేయించాను. పొద్దుగూకినాక ఇవ్వమని అమ్మ చెబుతూనే ఉంది, నేను ఆగితేనా. గల్లీ అంతా ఉపవాసంలో ఉందన్న మాటే మరిచి, మిట్టమధ్యాహ్నం గిన్నె పట్టుకుని ఉరికి, "నీ పుట్టినరోజు దాయిమా, తిను" అన్నాను.

ఆమె కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. దాయిమా మాత్రం నన్ను దగ్గరికి తీసుకుని, "నీ పేపర్ సెప్తే చాంద్ ఆగుతడా బిడ్డా? నా దినం ఎప్పుడో దాటిపాయె" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమెకు ఇచ్చిన ఆ ఒక్క దినమూ తప్పుదే ఇచ్చానన్న దుఃఖం అది. ఆమె గిన్నె మీద పళ్ళెం మూసి, కుండ పక్కన చల్లగా పెట్టి, సాయంత్రం రమ్మంది. అజా అయ్యాక అందరూ ఖర్జూరం అందుకుంటే, దాయిమా నా పాయసంతో రోజా ఉపవాసం విడిచింది.

"దినమే లేనిదానికి రెండు దినాలిచ్చినవు. ఒకటి చాంద్‌ది, ఒకటి నీది. తిరిగి తిరిగి ఎన్నడో రెండూ ఒక్కనాడొస్తయ్. ఆనాడు పెద్ద గిన్నెల వండు."

ఆమె ఉన్నన్నాళ్ళూ ఏటా రెండుసార్లు పాయసం పోసింది అమ్మ, తర్వాత నేను. మధ్యలో ఒకసారి ఆ రెండు దినాలూ దగ్గరదాకా వచ్చి ఒక్కరోజు తేడాతో తప్పిపోయాయి. అప్పటికే దాయిమా లేదు. ఇన్నేళ్ళు నన్నుంచి ఈ సాయంత్రం చూపించిన భగవంతుడికి ఏమిచ్చి తీర్చుకోను?

అటక మీది పెద్ద గిన్నె దింపించి, ఇద్దరం సేమియా వేయించుకుంటూ కోడలికి ఇదంతా చెప్పాను. వండింది తీసుకుని ఆటోలో ఆ గల్లీకే పోయాం. పట్టాల మోత అదే, వాకిలి మాత్రం లేదు, దాని చోట మూడంతస్తులు లేచాయి. రెండు గడపల అవతల దాయిమా ఇంట్లో ఆమె మునిమనవరాలు తలుపు తీసింది. ఆ పిల్ల కాన్పుల వార్డులో నర్సు. ముత్తవ్వకు పుట్టినరోజు ఉందనే ఆమెకు తెలియదు. విని, గిన్నె కింద పెట్టకుండానే పిల్లల్ని పిలిచి, "ఇయ్యాల దాదీమా పుట్టినరోజు" అని చెప్పింది.

ఇప్పుడు పిల్లల పుట్టినరోజు గడియతో సహా ఫోనులో ఉంటోంది, ఆనాడే పుట్టిన గొప్పవాళ్ళ పేర్లూ వేలు తాకిస్తే వస్తున్నాయి. మంచిదే, నేనూ ముచ్చటగా చూస్తాను. కానీ పట్టుకున్న చేతుల సంగతి అందులోనూ రాదు. నా ఈడువాళ్ళలో చాలామందిమి ఇలాంటి చేతుల్లోనే పడ్డవాళ్ళం. అందుకని మీ పుట్టినరోజున తీపి నోట పెట్టుకునే ముందు, ఊరూ పేరూ పత్రికకెక్కని మా యాకుత్‌పురా దాయిమాను ఒక్కసారి తలుచుకోండి.