రికార్డు గదిలో ఒక ఆదివారం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మేముండే క్వార్టర్‌లో రెండు గదులు, ఇద్దరం మనుషులం. మా బాపూ నేనూ. నేను రెండో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గనిని మా వైపు బాయి అనే అంటారు. ఆయన మొదటి షిఫ్టుకు వెళ్తే నేను లేచేసరికి ఇల్లు ఖాళీ. రెండో షిఫ్టుకు వెళ్తే బడి నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. పొయ్యి పక్కన పళ్లెం బోర్లించి, దాని కింద నాకు అన్నం పెట్టి వెళ్లేవాడు. నేను తిని, పళ్లెం కడిగి, మళ్లీ అక్కడే బోర్లించేదాన్ని. మా ఇద్దరి మధ్య నడిచిన ముచ్చట చాలా రోజులు అంతే.

నాకు పదకొండేళ్లప్పుడు ఒకనాడు నల్లా దగ్గర నీళ్లు పడుతుంటే, ఒకామె పక్కామెతో నాకు వినపడేటట్టే అంది. "ఈ పిల్ల తల్లి దవాఖానల పానం ఇడుస్తుంటే మొగడు రాలే. షిఫ్టు మధ్యల ఇడిసొస్తె మస్టర్ పోతదని బాయిలనే ఉన్నడట." మస్టర్ అంటే ఆ రోజు హాజరు. నేను బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చాను. ఆ మాట నిజమా అని బాపును అడగలేదు. అడిగితే ఔనంటాడేమోనని భయం. ఆనాటి నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను. అవసరానికి ఒకటి రెండు మాటలు, అంతే. ఆయన కూడా ఏమైందని అడగలేదు. ఆడపిల్ల ఎదుగుతోంది, తల్లి లేదు, ఇలాగే ఉంటుందనుకున్నాడో ఏమో. అట్లా ఏడాది గడిచింది. ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరు లేకుండా బతకడం ఎంత సులువో నాకు ఆ వయసులోనే తెలిసింది.

ఆ మరుసటి ఎండాకాలం బాయిలో బొగ్గు పెళ్ల ఒకటి బాపు కాలి మీద పడింది. ఎముక విరిగింది. పెద్ద దవాఖానలో చేర్చారు. నెలన్నర ఉండాలన్నారు. నన్ను రాత్రిళ్లు పక్కింటి చిన్నమ్మ వాళ్లు తమ ఇంట్లో పడుకోబెట్టుకునేవారు. పొద్దున ఆ చిన్నమ్మ ఇచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని దవాఖానకు వెళ్లేదాన్ని. డబ్బా బాపు మంచం పక్కన పెట్టి, బయటికి వచ్చి వరండా బెంచీ మీద కూర్చునేదాన్ని. ఖాళీ డబ్బా తీసుకుపోవాలి గనుక అక్కడే ఉండాలి. లోపల కూర్చోవడం మాత్రం నాకు చేతకాలేదు.

ఆ వరండా చివర రికార్డు గది. కింది నుంచి పైకప్పు దాకా చెక్క అరలు, అరల నిండా రోగుల ఫైళ్లు. ఆ గదిని చూసుకునే ఆమె నలభై దాటిన మనిషి. అందరూ ఆపా, అంటే అక్క, అనేవారు. ఇంట్లో వాళ్లది దక్కనీ ఉర్దూ, మాతో మాత్రం మా తెలుగే. నాలుగు రోజులు నన్ను చూసి, అయిదో రోజు వచ్చి పక్కన కూర్చుంది. "బాపు కాడ కూసోవా బేటీ?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకని అడగలేదు. "అయితే మా గదిల కూసో. ఇక్కడ వడగాలి కొడ్తది" అంది. అప్పటి నుంచి కిటికీ పక్కన ఒక స్టూలు నాదైంది. ఆమె తన పని తను చేసుకునేది, నేను నా పుస్తకం చదువుకునేదాన్ని. ఎవరైనా ఏమీ అడగకుండా మన పక్కన ఉంటే ఎంత నెమ్మదిగా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు.

ఆదివారం ఆపాకు సెలవు. అయినా వచ్చేది. చుట్టుపక్కల చిన్న దవాఖానల్లో రికార్డులు రాసేవాళ్లు అయిదారుగురు ఆ రోజు ఆమె దగ్గరికి వచ్చేవారు. మంచిర్యాల నుంచి ఒకాయన, బెల్లంపల్లి నుంచి ఇద్దరు, కాసిపేట నుంచి తండ్రి చనిపోయాక ఆయన ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అక్క. ఎవరూ రమ్మని ఆర్డరు వేయలేదు. ఆమెకు దీనికి జీతమూ లేదు. తను కొత్తగా పనిలో చేరినప్పుడు ఒక పెద్ద వయసు గుమాస్తా తన సెలవు రోజులు పోగొట్టుకుని ఆమెకు ఈ పని నేర్పాడట. ఆయన్ని ఉస్తాద్, అంటే గురువు, అనేది. "ఆయనకు తిరిగి ఇయ్యలేను గద, వెనకొచ్చేటోళ్లకు ఇస్తున్న" అనేది.

నాకు వింతగా తోచింది ఏమిటంటే, ఆమె తను ముందు నిలబడి పాఠం చెప్పేది కాదు. వారానికొకరిని నిలబెట్టి చెప్పించేది. తను వెనక గోడకానుకుని కూర్చునేది. ఒకే పేరున్న నలుగురి ఫైళ్లు కలిసిపోకుండా ఎలా చూడాలి, గంటా నిమిషం ఎందుకు రాయాలి, తెలియనిదాన్ని ఊహించి రాయకుండా ఖాళీ వదిలి ఎవరిని అడగాలి, ఇవన్నీ వాళ్లే తడబడుతూ చెప్పేవారు. కాసిపేట అక్కకు నోరు పెగిలేది కాదు. ఆపా తొందర పెట్టేది కాదు.

వింటూ వింటూ ఒక సంగతి నా తలకెక్కింది. మా అమ్మ పోయింది ఈ దవాఖానలోనే. అంటే అమ్మ ఫైలు ఈ అరల్లో ఎక్కడో ఉంది. అందులో గంటలూ నిమిషాలూ ఉంటాయి. బాపు వచ్చాడో రాలేదో ఉంటుంది. ఇక నాకు ఆ గదిలో కూర్చుంటే వేరే ఏదీ కనబడలేదు.

ఒక ఆదివారం ఆపా అందరికీ చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లింది. నేను కాసిపేట అక్క దగ్గరికి వెళ్లి అమ్మ పేరు, బాపు పేరు, నేనప్పుడు చదివే తరగతి చెప్పాను. ఆమె నా మొహం చూసింది. తండ్రిని పోగొట్టుకున్న మనిషి కదా, కాదనలేకపోయింది. పాత రిజిస్టరు తిప్పి నంబరు పట్టుకుంది. కింది అరలోంచి సన్నటి ఫైలు ఒకటి లాగి దుమ్ము దులిపింది. నా చేతిలో పెట్టబోతూ తలెత్తేసరికి ఆపా గుమ్మంలో నిలబడి ఉంది.

కాసిపేట అక్క మొహం తెల్లబోయింది.  ఆపా వచ్చి ఫైలు తీసుకుని బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి అందరినీ అడిగింది. "ఈ ఫైలు ఎవరిది?"

దవాఖానదని ఒకరన్నారు. డాక్టరుదని ఇంకొకరన్నారు.

"కాదు. ఇందుల ఎవరి పానం సంగతి రాసున్నదో వాళ్లది. ఆ మనిషి లేకపోతె, ఇంట్ల మిగిలినోళ్లది." అని నా వైపు తిరిగింది. "మీ ఇంట్ల పెద్ద ఎవరు బిడ్డా?"

"మా బాపు."

"ఆయన ఈడనే ఉన్నడు గద. పోయి అడుగు. ఆయన సరేనంటె, డాక్టరమ్మ సంతకం నేను తెస్త."

ఆ క్షణంలో ఆమె మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. అడగలేకే కదా నేను ఏడాదిగా ఇలా ఉన్నది! ఆ అడగడం తప్పించుకోవడానికే కదా ఈ ఫైలు! ఫైలు రెండడుగుల దూరంలో ఉంది. నేను చాలాసేపు కదల్లేదు. ఆమె కూడా చెయ్యి తీయలేదు.

చివరికి వార్డులోకి వెళ్లాను. బాపు కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన నిలబడి, "అమ్మ ఫైలు చూడాలె. నువ్వు ఒప్పుకోవాలెనట" అన్నాను.  బాపు నన్ను చూశాడు. ఎందుకని అడగలేదు.  చంకకర్రలు అందివ్వమని చెయ్యి చాపాడు. ఆ పొడుగాటి వరండాలో ఆయన కర్రల చప్పుడు ముందు, నేను వెనక.

ఆపా రాసిన అర్జీ మీద డ్యూటీ డాక్టరమ్మ సంతకం చేసింది. బాపును కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లలో మిగతా అందరినీ ఆపా బయటికి పంపేసింది. కాసిపేట అక్క కూడా లేవబోతే ఆపింది. "నువ్వు తీసినవ్. నువ్వే చదివి చెప్పు" అంది. అందులో కోపం లేదు. రాత ఇంగ్లీషులో ఉంది. ఆ చేతిరాత చూసి ఆపా మెల్లగా, "ఇది మా ఉస్తాద్ రాత" అంది.

కాసిపేట అక్క వరుస మీద వేలు పెట్టుకుని మొదలుపెట్టింది. "పొద్దున తొమ్మిదింబావుకు వచ్చింది. ఒక్కతే నడిచొచ్చింది. కడుపునొప్పి, రక్తం పోతున్నది. తొమ్మిదిన్నరకు భర్త పనిచేసే బాయికి కబురు పంపినం." ఒక కాగితం తిప్పింది. "పదకొండూ పదికి పానం పోయింది. పదకొండున్నరకు భర్త వచ్చిండు. పని బట్టల మీదనే, బాయిల నుంచి సీదా వచ్చిండు."

ఇరవై నిమిషాలు. బాపు రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

ఇంట్లో ఎవరికి తెలపాలి అనే గడి దగ్గరికి వచ్చి కాసిపేట అక్క ఆగిపోయింది.  కళ్లలోంచి నీళ్లు కాగితం మీద పడతాయేమోనని ఫైలు దూరంగా పట్టుకుంది. ఆపా ఆ ఫైలు తన చేతిలోకి తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. ఓదార్చలేదు. లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడింది, అంతే.  కొంతసేపటికి ఆ అక్క తనంతట తానే కళ్లు తుడుచుకుని చదివింది.

"బిడ్డ బడిల ఉన్నది. బడి ఇడిసేదాక పిల్లకు చెప్పొద్దని పేషెంటు అన్నది."

ఆ రోజు బడిలో చివరి గంట కొట్టేదాకా నేను కూర్చునే ఉన్నాను. తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను, అమ్మ పోతుంటే నన్ను పిలవాలని కూడా ఎవరికీ గుర్తు రాలేదే అని. గుర్తుంది. నొప్పితో ఒంటరిగా నడిచి వచ్చిన ఆ మనిషికి గుర్తుంది.

బాపు అప్పుడు మాట్లాడాడు. "కబురు నా దాక వచ్చేసరికే పదిన్నర. నేనున్న జాగ నుంచి పైకి రావాలంటె చానా నడవాలె. ఉరికిన బిడ్డా. చీకట్ల పడుకుంట లేసుకుంట ఉరికిన."

"మరి ఎన్నడు చెప్పలేదేంది?" అన్నాను.

"నువ్వు అడుగుతవని చూసిన. ఉరికినా అందలే గద, నేనేం జెప్పాలె?"

ఆ తర్వాత మేమేమీ ముచ్చట్లు చెప్పుకునే తండ్రీ కూతుళ్లం అయిపోలేదు. బాపు మౌనం బాపుదే, నా ఒంటరితనం నాదే. కానీ ఆ రోజు ఆయన తింటున్నంతసేపు మంచం పక్కనే కూర్చున్నాను. ఆయన పోయేదాకా మళ్లీ ఏ మాటా అడగడానికి భయపడలేదు.

రెండేళ్లకు ఆపాకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆదివారాలు ఆగలేదు. వెనక గోడకానుకుని కూర్చునే చోటు కాసిపేట అక్కది అయింది. పెద్దయ్యాక నేనూ ఆ అక్క దగ్గరే ఈ పని నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు వేరే ఊళ్లో దవాఖాన రికార్డులు చూసి రిటైరయ్యాను. ఇప్పుడు ఫైళ్లు కంప్యూటర్లలో ఉన్నాయి. బాపు లేడు, నాకంటూ ఇంట్లో ఎవరూ లేరు. వారంలో ఆరు రోజులు ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. ఆదివారం మాత్రం కొత్తగా పనిలో చేరిన పిల్లలు నలుగురు నా దగ్గర నేర్చుకోవడానికి వస్తారు.

మొన్న వాళ్లలో ఒకమ్మాయి ఒకే పేరున్న ఇద్దరి రికార్డులు కలిపేసి పెద్ద పొరపాటే చేసింది. ఆ తప్పు నేను నిమిషంలో దిద్దగలను. చెయ్యి ముందుకు పోయింది కూడా. వెనక్కి తీసుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ, మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్క పేరూ చూసుకుంది. అంతసేపూ నేను ఆమె పక్కన నిలబడ్డాను.