మూడో రోజు తూకం

చుక్కలాయన ఎడమ బొటనవేలితో కుక్క ముందరికాలి నరాన్ని నొక్కి పట్టుకుని, కుడిచేత్తో సూదిని తోలు కిందికి పోనిచ్చాడు. నీళ్ళు తగ్గిపోయిన ఒంట్లో నరం నూలుపోగంత సన్నబడుతుంది. వేలికి దొరికినట్టే దొరికి పక్కకి జారుకుంటుంది. తొందరపడితే చెడుతుంది. ఆయన తొందరపడలేదు. సూది వెనక ఎర్రటి చుక్క కనిపించాక సూదిని బయటికి లాగేసి, మెత్తటి ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం లోపల ఉంచి పట్టీ చుట్టాడు.

"అయిందా?" గోడవైపు తిరిగి నిలబడ్డ వాచీల మేస్త్రి అడిగాడు.

"అయింది, ఇటు తిరగండి మేస్త్రీ. రోజూ గడియారాల పొట్టలు కోసే మనిషి, ఇంత సూదికి భయపడితే ఎలా?"

"గడియారం నా మొహం వంక చూడదయ్యా."

బల్ల మీద పడుకున్న టిక్కు పన్నెండేళ్ళ ఆడకుక్క. నాలుగు రోజులుగా తిండి లేదు, తాగిన నీళ్ళు తాగినట్టే కక్కేస్తోంది. చుక్కలాయన మెడ మీది తోలును చిటికెతో లేపి వదిలాడు. అది లేచింది లేచినట్టే నిలబడిపోయింది. అయినా ఆయన ఆ సాక్ష్యాన్ని నమ్మలేదు. ముసలి ఒంటి మీద తోలు ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. పెదవి పైకెత్తి చిగుళ్ళు తాకి చూశాడు. చెమ్మ లేదు, వేలికి బంకలా అంటుకుంది. కళ్ళు గుంటలు పడ్డాయి. తూకంలో తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు.

"ఎనిమిది వందల మిల్లీలీటర్ల దాకా నీళ్ళు పోయాయి బాబాయ్," అంది డాక్టరమ్మ. "మెల్లగా నింపుదాం."

ఆయన సీసా తగిలించి, గొట్టంలో బుడగలు వదిలించి, చేతి గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ చుక్కలు లెక్కపెట్టాడు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. గొట్టం మీది చక్రాన్ని వెంట్రుకవాసి బిగించి మళ్ళీ లెక్కపెట్టాడు. ఆయనకు ఆ పేరు అలా వచ్చిందే. కొత్తగా వచ్చినవాళ్ళు పేరు విని మనిషికి మందు అలవాటుందేమోనని దూరంగా నిలబడేవాళ్ళు. ఆయన మాత్రం జీవితంలో ఆ చుక్క ముట్టలేదు.

ముప్పై ఏళ్ళ కిందట ఈ పశువుల ఆసుపత్రికి నేల కడగడానికి వచ్చాడు. అప్పటి పాత కాంపౌండరు ఆయన చేతులు చూసి, గోనెపట్టా కింద సన్నటి రబ్బరు గొట్టం పెట్టి, "కళ్ళు మూసుకుని దొరకబుచ్చుకో చూద్దాం," అన్నాడు. మూడు నెలలు ఆ గొట్టమే ఆయనకు బడి. సీసాల మీది అంకెలు చూసి లెక్కలు నేర్చుకున్నాడు. ఏ కాగితమూ చేతికి రాలేదు గానీ, నరం దొరక్కపోతే డాక్టర్లు పక్కకి జరిగి ఆయన్ని పిలిచేవాళ్ళు.

ఆ చేతి గడియారంలో సెకన్ల ముల్లు మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ బాగుచేసింది ఈ మేస్త్రే. ఆ కొట్టులో బల్ల కింద పాత దుప్పటి మీద టిక్కు ఎప్పుడూ ఉండేది. తల్లి నుంచి విడదీసి తెచ్చిన కొత్తలో ఒకటే ఏడుపట. మేస్త్రి ఒక అలారం గడియారానికి గుడ్డ చుట్టి పక్కన పెడితే, ఆ చప్పుడుకి నిద్రపోయిందట. పేరు అప్పుడు పెట్టిందే.

రెండో రోజు పొద్దున తూకం సరిగ్గా పది కిలోలు. పోయిన ఎనిమిది వందలూ వచ్చాయి. చిగుళ్ళు తడిగా మెరిశాయి. టిక్కు తలెత్తి మేస్త్రి చెయ్యి నాకింది. ఆయన ఆనందం పట్టలేక డాక్టరమ్మకి రెండు చేతులా దండం పెట్టాడు.

చుక్కలాయన మాత్రం కుక్క కింద పరిచిన తువ్వాలు తీసి తూచాడు. పొడిగా ఉన్నప్పుడు మూడు వందల గ్రాములు, ఇప్పుడు మూడు వందల పది. రాత్రంతా ఒంట్లోకి పోసినదానికి బయటికి వచ్చింది రెండు చెంచాలు. ఆ అంకె వేసి చీటీ డాక్టరమ్మకి చూపించాడు. ఆమె రక్తపరీక్ష కాగితం కూడా పక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"కిడ్నీలు దాదాపు ఆగిపోయాయి బాబాయ్. ఉచ్చ వచ్చే ఇంజెక్షన్ ఇస్తాను. ఒక్క రోజు చూద్దాం, కదులుతాయేమో."

మూడో రోజు పొద్దున చుక్కలాయన టిక్కుని ఎత్తి తూకం మీద నిలబెట్టేసరికి మేస్త్రి వెనకనుంచి వంగి అంకె చదివేశాడు.

"పది ఆరువందలు! అయ్యా చుక్కలూ, చూశారా? వచ్చినప్పుడు తొమ్మిది రెండువందలే కదూ! మా అమ్మాయి ఒళ్ళు చేసిందయ్యా!"

చుక్కలాయన చెయ్యి తూకం అంచు మీద ఆగిపోయింది.

నాలుగేళ్ళ కిందట ఆ మాటే ఆయనా అన్నాడు. ఆయన భార్య పెళ్ళినాటి నుంచీ బక్కపలచనే. ఒక ఏడాది ఉన్నట్టుండి బుగ్గలు నిండాయి. కాళ్ళు నిండాయి. చెప్పుల పట్టీ అచ్చు సాయంత్రం దాకా పాదం మీద కనపడేది. "ఇన్నాళ్ళకి నీ వంట నీకే వంటబట్టిందే," అని వేళాకోళమాడి, ఒక సైజు పెద్ద చెప్పులు కొని తెచ్చాడు. అదే వారంలో ఆసుపత్రిలో ఒక ఆవు వాచిన కాలిని బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపట్లో పూడుతుందో గడియారం చూసి లెక్కపెట్టాడు. ఇంటికి వెళ్ళి భార్య కాలు నొక్కి చూడాలని మాత్రం తట్టలేదు. చూడ్డానికి వచ్చిన ఆయన అక్క నొక్కి చూసింది. "ఒరే, నీ కళ్ళు ఏ గేదెకి పెట్టొచ్చావురా?" అని అరిచింది. అప్పటికి నీళ్ళు ఊపిరితిత్తుల దాకా వచ్చాయి. పెద్దాసుపత్రిలో ఆయన నర్సు వెంటపడ్డాడు, "ఇంకో బాటిలు పెట్టండమ్మా," అని. ఇంతకాలం చుక్కలు లెక్కపెట్టిన మనిషి. భార్య ఎనిమిది రోజులే బతికింది. ఆ చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి.

ఆయన టిక్కుని బల్ల మీదికి తెచ్చి పడుకోబెట్టాడు. తువ్వాలు పొడిగానే ఉంది. ముక్కు నుంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. గడియారం చూసి ఊపిరి లెక్కపెట్టాడు. నిమిషానికి యాభై దాటింది. డాక్టరమ్మ టిక్కు ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి విని, తల అడ్డంగా ఊపి, ఆయన్ని కిటికీ దగ్గరికి పిలిచింది.

"నీళ్ళు లోపలికి చేరాయి బాబాయ్. డ్రిప్ ఆపేయండి. ఈ వయసులో ఇక చేసేదేమీ లేదు. ఈ బోనులో ఆయాసపడి పోయే బదులు, కొట్టుకి నేనే వస్తాను... మేస్త్రిగారికి నేను చెప్పనా?"

"నేను చెప్తానమ్మా."

తిరిగొచ్చి చక్రాన్ని పూర్తిగా బిగించాడు. చుక్క ఆగింది.

"ఆపారేం?" అన్నాడు మేస్త్రి.

"మేస్త్రీ, ఈ మూడు రోజుల్లో ఇది ఏమన్నా తిన్నదా?"

"లేదు. వాసన కూడా చూడలేదు."

"తినకుండా కండ ఎక్కడ్నుంచి వస్తుంది?"

మేస్త్రి నవ్వు మొహం మీదే నిలిచి, నెమ్మదిగా పోయింది. చుక్కలాయన ఆయన బొటనవేలు పట్టుకుని టిక్కు వెనకకాలి మడమ పైన ఆనించి నొక్కించి, తీయించాడు. వేలి గుంట అలాగే ఉంది. ఇద్దరూ గడియారం చూశారు. ముల్లు సగం చుట్టు తిరిగినా గుంట పూడలేదు.

"మొదటి ఎనిమిది వందలూ దానికి న్యాయంగా రావాల్సినవి. ఈ ఆరు వందలు మనం పోసిన నీళ్ళే. పోయే దారి మూసుకుపోయింది."

"మొన్న ఈ సీసాయేగా దీన్ని లేపింది? ఇంకొక్కటి పెట్టి చూడండి. ఒక్కటే."

"మొన్న లోటుంది మేస్త్రీ, పోశాం. ఇప్పుడు పోస్తే మునుగుతుంది. బయట కాదు, లోపల."

మేస్త్రి టిక్కు చెవిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా రాస్తూ ఉండిపోయాడు.

"మీరు పొరపాటు పడి ఉండొచ్చుగా?" అన్నాడు చివరికి.

"పడ్డాను. ఇంటిదాని దగ్గర. అప్పుడు నేనూ ఒళ్ళు చేసిందనే అనుకున్నాను. కొత్త చెప్పులు కూడా కొన్నాను."

మేస్త్రి ఆయన మొహంలోకి చూశాడు.

"నా దగ్గరికీ కొన్ని గడియారాలు వస్తాయి," అన్నాడు. "మూత తీయగానే తెలిసిపోతుంది. తిరుగుతుందని చెప్పి ఉంచుకోను, ఆ పూటే ఇచ్చేస్తాను. తీసుకునేవాళ్ళ మొహం చూడలేక లోపలికి పోయి నీళ్ళు తాగుతాను... ఎంత టైముంది?"

"ఇవాళే. ఆయాసం పెరుగుతుంది. మీరు కొట్టుకి తీసుకెళ్ళేసరికి డాక్టరమ్మ వెనకే వస్తుంది. ఒక్క సూది, నిద్రపోయినట్టే ఉంటుంది. అన్నేళ్ళు పడుకున్న చోటు కదా, భయపడదు."

"అలారం గడియారం ఇంకా ఉంది," అన్నాడు మేస్త్రి. "మూడేళ్ళుగా కీ ఇవ్వలేదు."

"ఇవ్వండి."

చుక్కలాయన పని మొదలుపెట్టాడు. వెంట్రుకలు లాగకుండా పట్టీని నీళ్ళతో తడిపి, కొనలనుంచి కొంచెం కొంచెంగా విప్పాడు. ప్లాస్టిక్ గొట్టం తీసి, ఆ చోట దూది పెట్టి, సెకన్ల ముల్లు రెండుసార్లు తిరిగేదాకా వేలు ఎత్తలేదు. నెత్తురు ఆగింది. ముక్కు తుడిచాడు, కళ్ళ మూలలు తుడిచాడు, మెడ కింద చెదిరిన జుట్టు దువ్వాడు. ఉతికిన తువ్వాలు పరిచి దాని మీదికి టిక్కుని జరిపి, కాళ్ళు మడతపడకుండా చుట్టాడు. ఈసారి తువ్వాలు తూచలేదు.

"చేతులు చాపండి. ఒకటి నడుము కింద. ఇంకోటి ఇక్కడ. ఛాతీ మీద బరువు పడకూడదు, తల పైకి ఉండాలి."

మేస్త్రి చేతులు వణుకుతున్నాయి. చుక్కలాయన తన చేతుల్ని వాటి కింద ఆనించి, ఆ వణుకు ఆగేదాకా మోశాడు. తర్వాత ఒక్కో వేలూ వదులుతూ తన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఆఁ, అంతే. అలాగే పట్టుకోండి."