మంచినీళ్ళతో కడిగిన రాళ్ళు

సముద్రం లేని ఊళ్లో సముద్రం పెడతానని బయల్దేరిన మొనగాణ్ణి నేను. ప్రొద్దుటూరు నుంచి ఏ వైపు పోయినా అల చప్పుడు వినాలంటే గంటల తరబడి బస్సులో కూర్చోవాలి. అది తెలిసి కూడా శెట్టి ముందర తల ఊపాను.

శెట్టికి బంగారం అంగడి ఉంది. కొత్తగా కట్టిన అంగట్లో, వాకిలికి ఎదురుగా ఉప్పునీళ్ళ చేపలతొట్టి పెట్టించాలని ఆయన కోరిక. చెన్నైలో ఎక్కడో చూసి వచ్చాడు. మామూలు చేపలతొట్లు పెట్టేవాళ్ళు మా ఊళ్లో ఉన్నారు గానీ సముద్రపు చేపల సంగతి ఎవరికీ తెలీదు. నాకు తెలుసు. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒక పెద్దింట్లో నా పని ఆ తొట్టి కడగడమే.

"ఈడ పెట్టగలవా అప్పా?" అన్నాడు శెట్టి.

"నీళ్ళుంటే యాడైనా పెడతా" అన్నాను. నీళ్ళుంటే అనడం ఎంత పెద్ద మాటో అప్పుడు తోచలేదు.

నేను జూన్‌లో సెలవు మీద వచ్చాను. ఆరు నెలల లోపల తిరిగి పోకపోతే అకామా, అంటే ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి, పోతుంది. ఈ తొట్టి నిలబడితే పోనక్కర్లేదు. శెట్టి అంగట్లో తొట్టి చూశాక తన ఆసుపత్రిలోనూ పెట్టిస్తానని పులివెందులలో ఒక పళ్ళ డాక్టరు అన్నాడు. రెండు తొట్లు నిలబడితే మూడోది దానంతటదే వస్తుందని నా ఆశ. 

నా భార్య మా అక్క కూతురే, లింగాల పిల్ల. పెళ్ళయి పన్నెండేళ్ళయినా మేం కలిసి ఉన్నది నెలల్లోనే చెప్పుకోవాలి. "ఈ రాళ్ళు కుదిరితే పోవు గదా మామా?" అని రోజూ అడిగేది. కుదిరితే పోను అని రోజూ చెప్పేవాణ్ణి.

రాళ్ళంటే లైవ్ రాక్. సముద్రం అడుగున ఏళ్ళ తరబడి ఉండి, ఒళ్ళంతా బొక్కలు పడి, ఆ బొక్కల్లో కంటికి కనపడని పురుగూ పుట్రా కాపురం పెట్టిన రాయి. చేపల మురికిని అవే తిని నీళ్ళు బాగుచేస్తాయి. రాయి చస్తే చేపలు బతకవు. దసరా అయిన వారానికి చెన్నై వ్యాపారి థర్మోకోల్ పెట్టెల్లో, తడి పేపర్లు చుట్టి పంపించాడు. అక్కడక్కడా ఊదారంగు పొర, ఒక బొక్కలోంచి తొంగిచూస్తున్న చిన్న నత్త. మా ఇంటికి చుట్టం వచ్చినట్టే సంబరపడ్డాం.

వచ్చిన రాయిని తిన్నగా తొట్లో వేయకూడదు. దారిలో చచ్చిందంతా కుళ్ళి రాలిపోయేదాకా విడిగా ఉప్పునీళ్ళలో ఉంచాలి. క్యాన్‌నీళ్ళలో సముద్రపు ఉప్పుపొడి కలిపి మిద్దె మీద పెద్ద డ్రమ్ములో పోశాను. నీళ్ళు తిరగడానికి చిన్న మోటారు దింపాను. డ్రమ్ము వేడెక్కకుండా చుట్టూ తడి గోనెపట్టా కట్టాను. రెండు రోజులకొకసారి రాయి తీసి, పక్కన బేసిన్‌లో అదే ఉప్పునీళ్ళు పోసుకొని, చచ్చిన చోట పళ్ళు తోమే బ్రష్షుతో గీకాలి. నా భార్యకూ నేర్పించాను. "బొక్కబొక్కలో గీకల్ల మే. ఇవి ప్రాణంతో ఉండాయి, జాగర్త" అన్నాను. అంతే చెప్పాను.

కంపు మొదలైంది. వీధి వీధంతా ముక్కు మూసుకుంది. గాజు గొట్టంలో ఆ నీళ్ళు పట్టి మందుచుక్కలు వేస్తే, కుళ్ళు ఉన్నన్నాళ్ళు ఆకుపచ్చగా మారతాయి. పసుపురంగు తేలితే రాయి తయారైనట్టు. మూడు వారాలు ఆకుపచ్చే. నాలుగో వారం లేత ఆకుపచ్చ. ఇంకో నాలుగు రోజులు అనుకుని, ఆ ధైర్యంతో డాక్టరు దగ్గర కొలతలు తీసుకోవడానికి పులివెందుల పోయాను. అటునుంచి లింగాలలో మా అక్కను చూసి, రెండో రోజు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను.

వాకిట్లో కంపు లేదు. చెప్పులైనా విడవకుండా మిద్దె ఎక్కాను.

మిద్దె మీద చాప పరిచి ఉంది. చాప మీద రాళ్ళు, కడిగిన గిన్నెల మాదిరి, ఎండలో తెల్లగా ఆరుతున్నాయి. పక్కన డ్రమ్ము సబ్బుపొడితో తోమి బోర్లించి ఉంది.

"చూడు మామా, ఎట్లుండాయో!" అంది నా భార్య. "పక్కింటామె పీనుగు కంపని ఒకటే గోల. పాపం, అన్ని దినాలు ఆ ఉప్పునీళ్ళలోనే నానితే కంపు కొట్టవా యాడన్నా? బోరునీళ్ళు కూడా పొయ్యలా. మనం తాగే క్యాన్లు నాలుగు పోసి ఒక్కొక్కటే కడిగినా. నువ్వు చెప్పినట్టే, బొక్కబొక్కలో."

లింగాలలో ఆమె చిన్నప్పుడు బోర్లన్నీ ఉప్పునీళ్ళే. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మంచినీళ్ళకు బిందె చంకనేసుకొని మైళ్ళు నడిచి పెరిగింది. చుట్టం వస్తే ముందు మంచినీళ్ళు, బాలింతకు మంచినీళ్ళు, ఈనిన గేదెకు మంచినీళ్ళు. ప్రాణం ఉన్నదానికి అంతకన్నా ఏమిస్తుంది? మంచినీళ్ళు తగిలితే అవి చస్తాయని నేను చెప్పలేదు. కువైట్‌లో నాకు మొదటి రోజే చెప్పిన మాట అది. నేను మాత్రం అది పసిపిల్లకైనా తెలుసుననుకున్నాను.

నా నోరు మంచిది కాదు. కూరలో ఉప్పు తక్కువైతే పళ్ళెం తోసేసే రకం నేను. ఆరోజూ తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆమె చేతులు కనపడ్డాయి. రాయి గీసుకొని వేళ్ళ కొసలు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"శానా బాగుండాయి మే" అన్నాను.

తెలిసి తెలిసి మళ్ళీ డ్రమ్ము నింపి రాళ్ళు దింపాను. మూడో రోజుకు ముందుకన్నా ఘోరమైన కంపు. గొట్టంలో నీళ్ళు చిక్కటి ఆకుపచ్చ. అంతా మొదటికొచ్చింది, ఈసారి బాగుపడడానికి వాటిలో ప్రాణమే లేదు. కార్తీకంలో శెట్టి ముహూర్తం ఆగదు. ఎవరితోనో మామూలు తొట్టి పెట్టించి ఎర్రచేపలు వదిలాడు. అది తెలిశాక డాక్టరు ఫోను ఎత్తలేదు.

"ఏమైంది మామా?" అంటే, చెన్నైవాడు చచ్చిన రాళ్ళే అంటగట్టాడని చెప్పాను. ఆ పాపం ఎరుగని మనిషిని ఆమె వారం రోజులు తిట్టింది. నేను పెట్టె సర్దుకుంటూ విన్నాను. ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను. నిజానికి, చెబితే ఆమె ఎట్లా బతుకుతుందో ఊహించుకోవడానికి నాకు భయమేసింది.

ఇప్పుడు మళ్ళీ కువైట్‌లో అదే ఇంట్లో, అదే తొట్టి ముందర ఉన్నాను. అదే బ్రష్షు. ఇక్కడ రాళ్ళు బాగానే ఉంటాయి.

మొన్న ఫోన్‌లో అంది. "ఆ రాళ్ళు పారేయలేదు మామా. తులసి చెట్టు పక్కన పెట్టినా. ఒక్కటన్నా బతకదా అని రోజూ క్యాన్‌నీళ్ళు చెంబెడు పోస్తాండా. ఈసారి నువ్వు వచ్చినప్పుడు తొట్టి పెడుదువు గానీ. పొయ్యమంటావా, వద్దా?"

"పొయ్యి మే" అన్నాను.