ఇంకో నూరడుగులు

మా నాయన టెంకాయతో నీళ్ళు చూసేవాడు. పీచు ఒలిచిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేలో నడుస్తుంటే, భూమిలో జల ఉన్నచోట అది నిట్టనిలువుగా లేచేది. అక్కడ రాయి పాతి గుర్తు పెట్టేవారు, మర్నాడు బోరు బండి వచ్చేది. గుమ్మఘట్ట చుట్టుపక్కల తెలుగువాళ్ళూ కన్నడంవాళ్ళూ ఆయన్ను బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నన్ను మోసం చేయాలంటే ఎవరైనా కాస్త కష్టపడాలని నా నమ్మకం. ఫోన్‌లో కనబడిన కోచింగ్ సారు ఏమాత్రం కష్టపడలేదు.

నేను చెనిక్కాయల పొడి, అంటే వేరుశెనగల పొడి, చేసి అమ్ముతాను. విత్తనాలు వేయించి, ఎండుమిరపకాయలూ తెల్లగడ్డా ఉప్పూ కలిపి దంచి, పొట్లాలు కట్టి రాయదుర్గం అంగళ్ళకు పంపుతాను. వేయించే పని మా పక్కింటి అక్కది. కట్టెల పొయ్యి ముందు కూర్చుని పెద్ద బాణలిలో గరిటె తిప్పీ తిప్పీ ఆమె కళ్ళు ఎర్రబడిపోయాయి. ముంజేతి మీద ఒక బొబ్బ మానేలోపు ఇంకొకటి లేస్తుంది. మోటారుతో తిరిగే వేయించే డ్రమ్ము కొంటానని ఆమెకు మాటిచ్చి, రెండేళ్ళుగా డబ్బు దాస్తున్నాను.

వ్యాపారం పెంచుకోవడం నేర్పుతానని సారు మొదట ఫోన్‌లోనే ఉచిత క్లాసు పెట్టాడు. తెల్లకారుకు ఆనుకుని చేతులు కట్టుకున్న ఫోటో, వెనక నీలం సముద్రం. క్లాసులో సగంసేపు తను చిన్నప్పుడు ఎంత పస్తున్నాడో చెప్పాడు, మిగతా సగం ఫీజు గురించి చెప్పాడు. చివర్లో తెరమీద గడియారం వెనక్కి తిరగడం మొదలైంది. "ఈ బ్యాచ్‌లో ఇక మూడే సీట్లు" అన్నాడు. ఆ మూడింటిలో ఒకటి నాది కాకపోతే ఈ జన్మకు పొట్లాలు కట్టుకుంటూ ఉండిపోతాననిపించింది. డ్రమ్ము డబ్బులో సగం ఆ రోజే పంపేశాను.

ఏం నేర్పాడంటే, పొద్దున ఐదింటికి లేవమన్నాడు. మా వైపు ఐదు దాటి పడుకునేది జబ్బుపడ్డవాళ్ళే. తర్వాత రోజూ అద్దంలో చూసుకుని నేను పెద్ద వ్యాపారవేత్తనని గట్టిగా చెప్పుకోమన్నాడు. నేను చెప్పుకుంటుంటే మా అమ్మ గడప దగ్గర నిలబడి, "ఎవురితో మాట్లాడతాండావే?" అని అడిగింది. నెలలు గడిచినా ఒక్క పొట్లం ఎక్కువ అమ్ముడుపోలేదు. ఆ సంగతి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాస్తే, నిమిషంలో నా మెసేజీ మాయమైంది.

ఆ సాయంత్రమే వాళ్ళ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, తేనె పూసినట్టు మాట్లాడింది. "మేడమ్, లోపం కోర్సులో లేదు, మీ మైండ్‌సెట్‌లో ఉంది. గెలుపుకు దగ్గరగా వచ్చి ఆగిపోతున్నారు. పై లెవెల్‌లో సారే మీతో నేరుగా మాట్లాడతారు. మీ ఇంట్లో నెగటివ్‌గా మాట్లాడేవాళ్ళను కొన్నాళ్ళు దూరం పెట్టండి." పై లెవెల్ ఫీజు సరిగ్గా నా దగ్గర మిగిలినంతే. అంత సరిగ్గా ఎలా కుదిరిందా అని ఆశ్చర్యపోయాను. మొదట్లో నింపిన ఫారంలో పొదుపు ఎంత ఉందని అడిగితే నిజం రాసింది నేనే కదా!

ఇంకో ప్రాంతంవాళ్ళయితే అక్కడ ఆగేవారేమో. మేం ఆగం. బోరు మూడు వందల అడుగులు పోయి తెల్లటి దుమ్ము లేపితే, మావాళ్ళు నీళ్ళు లేవని అనరు, ఇంకా అందలేదంటారు. ఇంత దూరం వచ్చి ఆపేస్తే పెట్టిందంతా మట్టిలో కలిసినట్టేనని, ఇంకో నూరడుగులు వేయమంటారు. నేనూ అదే లెక్క వేసుకున్నాను. "నాలో ఏం లోపమో సారుతోనే చెప్పించండి మేడమ్, రేపు కడతాను" అన్నాను.

మంచం మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్న నాయన అంతా విన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు తల వంచుకుని కాయలు ఒలుస్తూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఆ సారు మాటలు మొదుట్నించీ చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. వింటూ వింటూ నవ్వు మొదలుపెట్టాడు.

"ఇవన్నీ నా మాటలే గదమ్మా! 'పొద్దు మునిగేలోపల గుర్తు పెట్టాల, రేపటికి జల పక్కకు పోతాది' అంటాంటి. జల యాడికి పోతాది? నాకు ఇంకో ఊరికి పోయే పని ఉండె, అంతే. నీళ్ళు పడిన బోర్ల గురించి ఊరూరా చెప్పుకుంటి. పడకపోతే ఆ ఊరి దిక్కు మళ్ళా చూసినోణ్ణి కాదు."

"మరి టెంకాయ లేవకపోతే?"

"'ఎవురో అనుమానం పడతాండారు, దూరం పోండి' అంటాంటి. మీయమ్మను రానిచ్చేవాణ్ణే కాదు. ఆమె నవ్వుతాది."

పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి. పుట్టినప్పటి నుంచీ అడగని ప్రశ్న అప్పుడు అడిగాను.

"మన చేన్లో బోరు ఎందుకు వేయించలేదు నాయనా?"

"నాకు తెలీదా ఏమి?" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఒగాయప్పకు నేను చూపిచ్చిన మూడు బోర్లూ ఎండిపాయె. ఇంటికి వస్తాండాడని తెలిసి, తిడతాడని గడ్డివాము ఎనక దాక్కున్యా. ఆయప్ప తిట్టల్యా. గడ్డివాము కాడికొచ్చి, 'అన్నా, నా నమ్మకంలో ఏం కొదవ పడింది?' అని అడిగినాడు. తిట్టింటే బాగుండు. ఆపొద్దే టెంకాయ ఇడిసిపెట్టినా." నా వైపు చూసి, "నిన్న నువ్వు ఫోన్లో అట్లే అడుగుతాంటివి" అన్నాడు.

మోకాళ్ళ నొప్పుల వల్ల మానేశాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆయన మీద కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. అన్నిటికంటే ఎక్కువగా నా మీద నాకు సిగ్గేసింది.

పదింటికి ఆ అమ్మాయి ఫోన్ రానే వచ్చింది. "సారు ఈ కోచింగ్ కాకుండా ఏ సరుకు అమ్మి పైకొచ్చారు మేడమ్?" అని అడిగాను. "అలాంటి ప్రశ్నలే మిమ్మల్ని వెనక్కి లాగుతున్నాయి మేడమ్" అంది. ఫోన్ పెట్టేశాను. మొదట కట్టిన డబ్బు ఎన్నిసార్లు అడిగినా తిరిగి రాలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను, దాని రశీదు మాత్రం భద్రంగా ఉంది. కొత్త బ్యాచ్‌లో మూడే సీట్లని వారం వారం మెసేజీ వస్తూనే ఉంది. "ఏమ్మా, ఆ మూడు సీట్లకు ఇంగా ఎవురూ దొరకలేదా?" అని నాయన అడుగుతుంటాడు.

మిగిలిన సగంతో కొత్త డ్రమ్ము రాదు. విడపనకల్లులో కొట్టు మూసేసిన ఒకాయన దగ్గర పాతది దొరికింది. తిరిగేటప్పుడు వీధి చివరిదాకా వినిపించేంత చప్పుడు చేస్తుంది. పక్కింటి అక్క దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ తెచ్చి నాయన చేతిలో పెట్టింది. ఆయన అలవాటుగా దాన్ని అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని ఒక్క క్షణం చూశాడు. అది కదల్లేదు. మా అమ్మ పక్కనే ఉంది. ఈసారి ఆమెను ఎవరూ దూరం పొమ్మనలేదు.

నాయన టెంకాయను రాతికేసి కొట్టాడు. నీళ్ళు చేతుల మీదుగా కారి నేలలో ఇంకాయి.

"ఇన్నేండ్లకు నీ చేతిలో నీళ్ళు పడినాయి" అని మా అమ్మ నవ్వింది.