అత్తగారిని వదలని మంచం

కొత్త కాపురం పెట్టిన రోజుల్లో మనిషికి ఓపిక ఎక్కువ, తెలివి తక్కువ ఉంటాయేమో. (ఇప్పుడు నాకు రెండూ సమానంగా తగ్గాయి.) నెల్లిమర్లలో మేం అద్దెకు దిగిన ఇంట్లో చాప తప్ప ఏమీ లేదు. శృంగవరపుకోటలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే, మా ఆయన ఒక పాత చెక్కల మంచం కొని ఆటోలో వేయించుకొచ్చారు. ఒళ్ళంతా పెచ్చులు లేచిన ఆకుపచ్చ రంగు. "లోపల టేకే. రంగు గీకీసి వార్నీషు కొడితే కొత్తదే," అన్నారు. నేను నమ్మడమే కాక, శ్రీకూర్మంలో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేసి, టేకు మంచం కొన్నామని గొప్పగా చెప్పేశాను.

ఆకుపచ్చ కింద నీలం వచ్చింది. నీలం కింద గులాబీ. ఆ ఇంట్లో పెళ్ళయినప్పుడల్లా ఒక రంగు వేశారేమో. ఆఫీసుల నుంచి రాగానే ఇద్దరం ఉప్పుకాగితం పట్టుకుని కూర్చునేవాళ్ళం. అన్నంలో పొడి, జడలో పొడి. గదంతా మంచమూ, దాని పొడే కాబట్టి వంటింట్లో చాప మీద ముడుచుకుని పడుకునేవాళ్ళం. మంచం కోసం నేల పాలయ్యామన్నది నవ్వుకోవాల్సిన సంగతే గాని, నవ్వే ఓపిక ఉండేది కాదు. చివరికి చెక్క బయటపడింది. టేకు కాదు, పనస. "అమ్మకి సెప్పకు," అన్నారాయన.

వార్నీషు వేసిన మర్నాడే ముసురు పట్టింది. ఇక ఎండితేనా. ఆ ముసురులోనే, చెప్పాపెట్టకుండా అత్తగారు దిగారు. నేను మంచినీళ్ళు తెచ్చేసరికి, బస్సులో నలిగిపోయిన మనిషి మంచం మీద వెల్లకిలా వాలిపోయారు.

"అమ్మా, లెగు. అది ఇంకా ఎండనేదు," అన్నారు మా ఆయన.

ఆవిడ లేవబోయారు. చీర రాలేదు. మళ్ళీ వెనక్కి వాలి, "నన్ను ఒగ్గనంతంది రా," అన్నారు నెమ్మదిగా.

నాకు ఏడుపొచ్చేసింది. "అది టేకు కాదత్తా, పనస. మళ్ళీ గీకి, మళ్ళీ వార్నీషు వేసి..."

"ఏ కర్రయితే ఏటి, గట్టిగానే పట్టుకున్నాది. ముందు మీ మొకాలు సూసుకోండి, ఎలా పీక్కుపోనాయో. ఇంక గీకింది సాలు. సాప ఏసుకుని తొంగోండి."

బయట వాన. ఆవిడ మంచానికి అతుక్కుని, మేం కింద చాప మీద, ముగ్గురం దీపాలు పెట్టే వేళదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. లేచాక ఆవిడ నా చీర కట్టుకుని, తన చీరను మంచం నుంచి మెల్లగా ఊడదీశారు. ఆ నేత గుర్తు పలకల మీద అలాగే ఉండిపోయింది. మేం మళ్ళీ గీకలేదు.

ఇప్పుడు మెత్తటి పరుపులున్నాయి, నిద్రే సరిగ్గా పట్టదు. పనసను టేకు చేద్దామని నడుం విరిగేలా రుద్దిన అప్పటి నన్ను తలుచుకుంటే, వెళ్ళి ఆ పిల్ల వీపు కాస్త నిమిరి రావాలనిపిస్తుంది.