కోడలి మడ్‌గార్డ్‌కి నేను పూయించిన బురద

కోడలు తుడిచి, దుప్పటి కప్పి దాచుకున్న వస్తువుని అత్త ఎత్తుకెళ్ళి బురద పూయించుకొచ్చింది. ఇలా మొదలుపెడితే ఏదో టీవీ సీరియల్ చెబుతున్నాననుకుంటారు. కాదండీ, ఈమధ్య మా ఇంట్లో జరిగిందే. పైగా ఆ అత్త హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. అంటే నేనే. నాకు కోడలంటే కోపం లేదు, కుళ్ళు అంతకన్నా లేదు. ఎవరైనా "ఇదెందుకండీ?" అని అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు ఒకటుంది, అంతే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని పిల్లలు భరించారు. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు భరిస్తున్నారు.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. మా కోడలు స్రవంతి మెకానికల్ ఇంజినీరు. ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్లు మొదలుపెట్టింది. మొట్టమొదటి డిజైన్ ఏమిటంటే, భూమి లోపల గనుల్లో తిరిగే బండ్లకి మడ్‌గార్డ్. మేముండేదేమో ఫిల్మ్‌నగర్. ఇక్కడ లిఫ్ట్ ఎక్కితే స్క్రిప్టులు, దిగితే డేట్లు. మా వాచ్‌మన్ దగ్గర కూడా ఒక కథ ఉంది, ఇంటర్వెల్ దాకా రెడీ అట. అలాంటి చోట కూర్చుని గనిబండికి మడ్‌గార్డ్ గీస్తున్న మనిషి మా కోడలొక్కతే అయి ఉంటుంది.

మడ్‌గార్డే కదా, అందులో గీయడానికేముంది అన్నాను నేను కూడా. స్రవంతి ఓపిగ్గా చెప్పింది. గనిలో దారి ఇరుకు, కప్పు ఎత్తు తక్కువ, కింద ఎప్పుడూ బురదే. బండి గోడలకి రాసుకుంటూ పోతుంది. చక్రం మీది రేకు వంగుతుంది. దాని లోపల బురద కూరుకుపోయి గట్టిపడుతుంది. టైరు మార్చాలన్నా, ఆ బురద తియ్యాలన్నా రేకు విప్పాల్సిందే. పాతవాటికి చుట్టూ బోల్టులుంటాయి, అవేమో తుప్పు పట్టి తిరగవు. ఆ ఇరుకులో మెకానిక్ వెల్లకిలా పడుకుని సుత్తితో కొడుతూ ఉంటే, అంతసేపూ బండి ఆగిపోతుంది.

అందుకని స్రవంతి మడ్‌గార్డ్‌ని మూడు ముక్కలుగా చేసింది. ఒక్కో ముక్క పైన కొక్కేలకి వేలాడుతుంది, కింది అంచున ఒకే ఒక పిన్ను. పిన్ను రింగు పట్టుకుని లాగితే ముక్క చేతిలోకి వచ్చేస్తుంది. వంగిన ముక్కని మాత్రమే మార్చుకోవచ్చు. కుక్కర్‌కి గాస్కెట్ పాడైతే గాస్కెట్ మారుస్తాం గాని కుక్కర్ పారెయ్యం కదా, అలాగన్నమాట.

నమూనా ఒకటి చేయించి, పాత టైరుతో సహా ఇనుప స్టాండుకి బిగించి, మా సెల్లార్‌లో కార్ల పక్కన పెట్టింది. ఒక గనిలో బండ్ల మెయింటెనెన్స్ చూసే లక్ష్మణ్ గారు పనిమీద హైదరాబాద్ వస్తూ, సోమవారం పొద్దున్న ఇంటికే వచ్చి చూస్తానన్నారు. ఆయనకి నచ్చితే గనిలో ఒక బండికి బిగించి ట్రయల్ వేస్తారు. నచ్చకపోతే ఈ డిజైన్ల పని కట్టిపెట్టి మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటానని స్రవంతి తనకి తనే గడువు పెట్టుకుంది.

మడ్‌గార్డ్‌కి వేయబోయే రబ్బరు అంచుల గురించి మాట్లాడాలని శుక్రవారం పుణె వెళుతూ, "అత్తయ్యా, దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అంది. సరేనన్నాను. ఒకటికి రెండుసార్లు సరేనన్నాను.

శనివారం మూడో అంతస్తు ప్రభాకర్ కారు తీయడానికి సెల్లార్‌లోకి దిగాడు. అతను సినిమాలకి ఆర్ట్ డైరెక్టర్, సెట్లు వేయిస్తాడు. అప్పుడతను వేయిస్తున్నది బొగ్గుగని సెట్టు. దుప్పటి అంచు ఎత్తి చూసి, "టీచర్ గారూ, ఇదేంటండీ?" అన్నాడు.

ఏదో సామానులే బాబూ అంటే సరిపోయేది. ఆ మాట తట్టేలోపే చక్రం, బురద, కొక్కెం, పిన్ను, కుక్కర్ గాస్కెట్ అన్నీ చెప్పేశాను. అతను తల ఊపుతూ విన్నాడు. నా సర్వీసు మొత్తంలో వెనక బెంచీ నుంచి అంత శ్రద్ధ ఎరగను. విన్నాక, ఆదివారం ఒక్కరోజు షూటింగ్‌కి ఇమ్మన్నాడు. కుదరదన్నాను. సాయంత్రానికి తెచ్చి ఇక్కడే పెడతానన్నాడు. అయినా కుదరదన్నాను. అప్పుడు, హీరో గారికి ఈ బండి గురించి వివరంగా చెప్పేవాళ్ళే దొరకట్లేదు, మీరొచ్చి ఒక పది నిమిషాలు క్లాసు తీసుకుంటే బావుండేదండీ అన్నాడు.

కుదిరింది.

ఆదివారం ట్రాలీ ఆటోలో మడ్‌గార్డ్ ముందు, ప్రభాకర్ కారులో నేను వెనక. గంజి పెట్టిన కాటన్ చీర, హ్యాండ్‌బ్యాగులో చాక్‌పీసులు. ఎవరైనా చూస్తే ఇన్‌స్పెక్షన్‌కి వెళుతున్నాననుకుంటారు.

సెట్టు గురించి చెప్పకుండా ఉండలేను. గని అన్నారు గాని, కప్పు మా స్కూలు అసెంబ్లీ హాలంత ఎత్తుంది. గనిలో నడుం వంచి నడవాలి కదా బాబూ అంటే, హీరో గాల్లోకి ఎగిరి కొట్టాలి కాబట్టి పెంచామన్నారు. బొగ్గు నీలంగా మెరుస్తోంది. నల్లగా ఉంటే కెమెరాలో బొగ్గులా కనపడదట. జూనియర్ ఆర్టిస్టులందరికీ మొహాన మసి పూశారు. హీరో గారి చొక్కా మాత్రం మల్లెపువ్వులా ఉంది. కథలో ఆయన అప్పుడే షిఫ్టు దిగి వస్తున్నాడు. అదెలా సాధ్యం అని కో-డైరెక్టర్‌ని అడిగాను.

"ఆయనది లోపల్నించి వచ్చే తెలుపు మేడమ్" అన్నాడు, నవ్వకుండా.

పాత జీపుకి ప్లైవుడ్ తొడిగి గనిబండి చేశారు. హెడ్‌లైట్లు ఉత్తివి, ఇంజను ఉత్తిది, మీటలన్నీ ఉత్తివే. దానికి మా కోడలి మడ్‌గార్డ్ తగిలించారు. డైరెక్టర్ గారు చుట్టూ తిరిగి చూసి, "ప్రభాకర్, ఈ ఒక్కటీ ఫేక్‌గా ఉంది. ఏజింగ్ చేయించు" అన్నారు.

ఏజింగ్ అంటే కొత్త వస్తువుని పాతదానిలా చెయ్యడం. పాతవాటిని కొత్తవాటిలా చేసే క్లినిక్కులు మా జూబ్లీహిల్స్‌లో వీధికి నాలుగున్నాయి. దీనికి ఉల్టా చేసేది మాత్రం సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంటే. ఆ పని మల్లేష్ అనే అతనిది. రంపపు పొట్టు, నల్లపొడి, సిమెంటు, వడ్రంగులు వాడే గమ్ము, అందులో టీ డికాషన్ పోసి బకెట్లో బురద కలిపాడు. నాకు కోడలి మాట గుర్తొచ్చి, కడిగితే పోతుందా అని అడిగాను.

"పైపైన పూస్త మేడం, కడిగితే పోతది. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

అక్కడితో నేను కుర్చీ వెతుక్కుని కూర్చోవాల్సింది. కూర్చునేదాన్నే. కాని అతను బురదని రేకు నెత్తిన పూస్తున్నాడు. చక్రం తిరుగుతుంటే బురద రేకు నెత్తికెలా పోతుందండీ? నాకు ప్రాణం ఒప్పలేదు. మల్లేష్‌ని ఆపి, చక్రం నుంచి బురద ఎటు ఎగురుతుంది బాబూ అని అడిగాను. మీదికి అన్నాడు. కాదని, అక్కడున్న నల్ల ప్లైవుడ్ మీద చాక్‌పీసుతో వృత్తం గీశాను. బురద చక్రం అంచు నుంచి సూటిగా, స్పర్శరేఖ వెంట పోతుంది, రేకు లోపలి వైపు కొట్టుకుంటుంది, జారి కింది అంచు దగ్గర పేరుకుంటుంది అని బాణం గుర్తులతో సహా చూపించాను. ఆ కింది అంచునే కదా పిన్నులున్నది.

మల్లేష్ లాంటి విద్యార్థి దొరకడం కష్టం. బ్రష్ పక్కన పడేసి చేతులతో మొదలుపెట్టాడు.

"గీడనా మేడం?"

"ఇంకొంచెం లోపలికి."

"గిట్ల?"

"ఆ, పిన్ను చుట్టూ వేలితో నొక్కు బాబూ. సందు ఉండకూడదు."

లైట్‌మన్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. క్లాసు నిండింది. ఆ ఊపులో మూడు ముక్కలకీ ఇంకో పూత వేయించాను. మల్లేష్ పెద్ద ఫ్యాను పెట్టి ఆరబెట్టాడు.

ఇక హీరో గారి క్లాసు. చాక్‌పీసు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన వచ్చి నమస్కారం పెట్టి, "ఆంటీ, దీని మీద కాలు పెడితే ఆగుతుందా?" అని అడిగారు. ఆగుతుందన్నాను. వెళ్ళి కాలు పెట్టారు. పాఠం అయిపోయింది. పొగ వదిలారు, గాలి వదిలారు, అంతా అయ్యాక మానిటర్‌లో చూస్తే ఆయన బూటు ఒక్కటే కనపడింది.

మాటంటే మాటే, ప్రభాకర్ సాయంత్రానికి దాన్ని తెచ్చి సెల్లార్‌లో పెట్టించాడు. నేను బకెట్టు, పీచు పట్టుకుని దిగాను. రేకు మీద ముందు పూసిన బురద చక్కగా కరిగిపోయింది. లోపల నొక్కించింది కరగలేదు. వేడినీళ్ళు పోశాను. సబ్బుపొడి వేసి రుద్దాను. చింతపండు పెట్టి తోమితే బురద ఇంకా నిగనిగలాడింది. మల్లేష్‌కి ఫోన్ చేశాను. టోలిచౌకి ట్రాఫిక్‌లో ఉన్నాడట, హారన్ల మధ్య అరిచి చెప్పాడు.

"అండ్ల సిమెంట్ ఉంది కద మేడం. పల్చగ పూస్తే పోతది. మీరు చెప్పినట్టు దట్టించి నొక్కిన, ఇగ అది రాయే."

ఆ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు నాయనా అన్నాను.

"మీరు పాఠం చెప్తున్నరు గద మేడం, మధ్యల ఎట్ల మాట్లాడుత?"

క్లాసులో మధ్యలో మాట్లాడకూడదని ఇన్నేళ్ళూ నేర్పింది నేనే. దుప్పటి మాత్రం నీటుగా, కోడలు వెళ్ళేటప్పుడు ఎలా ఉందో అలాగే కప్పి పైకొచ్చాను.

పొద్దున్న లక్ష్మణ్ గారు ముందే వచ్చేశారు. కాఫీ ఇచ్చాను. ఆయన తాగుతుండగా ఎయిర్‌పోర్ట్ నుంచి స్రవంతి దిగింది. స్రవంతీ, ఒక్కమాట అన్నాను. "తర్వాత అత్తయ్యా" అని ఆయన్ని తీసుకుని సెల్లార్‌కి వెళ్ళిపోయింది. వెనకే నేనూ వెళ్ళాను. ఆమె దుప్పటి లాగింది.

లక్ష్మణ్ గారి మొహం వెలిగిపోయింది. కళ్ళజోడు సర్దుకుని కూర్చుని, "ఆల్రెడీ గనిలో తిప్పించారా? ఎన్ని నెలలైంది?" అన్నారు.

స్రవంతి ఆయన వైపు చూడలేదు. మడ్‌గార్డ్ వైపు చూసి, నా వైపు చూసింది.

"అత్తయ్యా?"

గనిలో కాదండీ, సినిమాలో అని చెప్పాను. మొదలుపెట్టాక మధ్యలో ఆపడం నాకు చేతకాదు కాబట్టి, స్పర్శరేఖతో సహా అంతా చెప్పాను. ఆయన చెయ్యి చాచి రింగు పట్టుకుని పిన్ను లాగారు. రాలేదు. స్రవంతి లాగింది. రాలేదు. సుత్తి తెచ్చి కింద నుంచి కొట్టింది. చివరికి రింగు ఊడి చేతిలోకొచ్చింది, పిన్ను ఉన్నచోటే ఉంది. ఆ రింగుని అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ నిలబడింది పిల్ల. అప్పుడు ఏడ్చినా, నన్ను తిట్టినా బావుండేదనిపించింది.

లక్ష్మణ్ గారు టార్చి వేసి లోపలికి చూస్తున్నారు. "బురద సరిగ్గా ఇక్కడే పెట్టమని ఎవరు చెప్పారు?"

చెయ్యెత్తాను. ఆ క్షణంలో మా స్కూలు పిల్లలందరి బాధా తెలిసొచ్చింది.

"మా బండ్లకీ ఇక్కడే పడుతుంది మేడమ్" అన్నారాయన. "నాకు శాంపిల్ చూపించేవాళ్ళందరూ తళతళలాడేది తెస్తారు, పిన్ను లాగి చూపిస్తారు, వెళ్ళిపోతారు. గనిలో దిగిన వారానికి అన్నిటి గతీ ఇదే." తర్వాత స్రవంతి వైపు తిరిగి, "ఇది నేను తీసుకోలేనమ్మా. మూడు ముక్కల ఆలోచన బావుంది. పిన్ను చోటు మార్చి, వచ్చే నెల నేనొచ్చినప్పుడు చూపించు. కానీ ఈ బురద పెట్టే చూపించాలి. శుభ్రంగా ఉంటే నేను చూడను" అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో మర్యాద పెరిగింది. "టిఫిన్ టేబుల్ మీద ఉందండీ", "గీజర్ వేశానండీ". అత్తయ్యా అన్న పిలుపు లేదు. ఒకరోజు స్రవంతి కాగితం, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆ సినిమావాళ్ళకి వేసిన బొమ్మ నాకూ ఒకసారి వెయ్యండి అత్తయ్యా."

వేశాను. బాణం గుర్తులతో సహా. దాన్ని చాలాసేపు చూసి, కొక్కేలని కిందికి, పిన్నుని పైకి మార్చింది. బురద చేరని బయటి వైపున పిన్ను, దాని మీద రబ్బరు టోపీ. కింది కొక్కేల దగ్గర బురద నిలవకుండా జారిపోయేలా తెరిచిన సందులు. మళ్ళీ నమూనా తయారైంది. మల్లేష్‌ని పిలిపించాం. ఈసారి అంతా కోడలి అనుమతితో, ఆమె కళ్ళముందే, వేళ్ళు నొప్పి పుట్టేదాకా నొక్కించాను. రబ్బరు టోపీ చుట్టూ కూడా వదల్లేదు. పరీక్ష పేపరు కఠినంగా ఇవ్వడం నా అలవాటు.

మొన్న లక్ష్మణ్ గారు వచ్చారు. దేవుడి దగ్గర దీపం పెట్టి, కోడలి పిన్ను రావాలని దణ్ణం పెట్టుకున్నాను. అందరం సెల్లార్‌కి దిగాం. ఆయన రబ్బరు టోపీ తీసి, రింగు పట్టుకుని ఒక్క లాగు లాగారు. పిన్ను వచ్చేసింది. ముక్క ఆయన చేతిలో ఉంది, దాని మీద ఇంత బురద అలాగే ఉంది. రెండోది తీశారు, వచ్చింది. మూడోది తీశారు, అదీ వచ్చింది. "ఒక బండికి బిగిద్దామమ్మా" అన్నారు. స్రవంతి ముక్కలందుకున్న బురద చేతులతోనే నన్ను గట్టిగా వాటేసుకుంది. గంజి చీర పోతే పోయింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సంతోషమే, అందులో అనుమానం అక్కర్లేదు.

అందరూ స్వీట్లు తినడానికి పైకి వెళ్ళారు. నేను వెనకబడి, ఆ ముక్క మీది బురదని గోటితో ఒకసారి గీకి చూశాను. మరీ అంత సులువుగా ఎలా వచ్చేసిందా అని. పక్కకెళ్ళి మల్లేష్‌కి ఫోన్ చేశాను.

"నిజం చెప్పు బాబూ, ఈసారి సిమెంటు తగ్గించావు కదూ?"